చిరిగిన రేకులు

రత్నమాణిక్యం వేళ్ళకి ముద్రలు లేవు. పుట్టినప్పుడు ఉన్నాయి, పెళ్ళినాటికీ ఉన్నాయి, ఆ తర్వాత కుండ తినేసింది. రేషను దగ్గర బొటనవేలు నొక్కితే మిషను ఒప్పుకోదు. చూపుడువేలు నొక్కినా ఒప్పుకోదు. పదివేళ్ళూ వరసపెట్టి నొక్కించి, ఇక లాభం లేదని కంటి మిషను తెప్పించి, ఆవిడ కళ్ళలోకి చూసి బియ్యం ఇస్తారు.

"ఏమ్మా రత్నమాణిక్యం, నీ వేలిముద్రలు ఎవరికైనా ఇచ్చేశావా ఏంటి?" అని డీలరు ప్రతి నెలా అదే ఎకసెక్కం ఆడతాడు.

"ఇచ్చానండి, మీ ఆవిడకే. గిన్నెలు తోమీ తోమీ పాపం ఆవిడవి అరిగిపోయాయంటేనూ," అని ఈవిడ ప్రతి నెలా అదే జవాబు చెబుతుంది. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వుతారు. ఊరుకునే రకం కాదు ఆవిడ.

ఆత్రేయపురంలో ఇదేం వింత కాదు. పూతరేకులు తీసే ఆడవాళ్ళందరి వేళ్ళూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కుండని బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, అది బాగా కాగాక, నీళ్ళలా రుబ్బిన బియ్యప్పిండిలో పలచటి గుడ్డ ముంచి కుండ వీపు మీద పరిచి లాగేయాలి. గుడ్డ పైకి లేచేసరికి కుండకి తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. దాన్ని వేళ్ళ చివరలతో ఒలిచి తీయాలి. అదీ రేకు. కార్లు ఆపుకుని చూసేవాళ్ళకి అది ముచ్చట, వీడియో తీసుకుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. తీసేవాళ్ళకి మాత్రం రోజంతా వేళ్ళు కాలడమే. కాలీ కాలీ చివరికి చర్మం తోలులా అయిపోయి, వేడి తెలియడం మానేస్తుంది.

ఆవిడ పుట్టింది ధవళేశ్వరంలో. తండ్రి ఆనకట్ట దగ్గర గేట్ల పనిలో ఉండేవాడు. బుల్లబ్బాయిని పెళ్ళి చేసుకుని ఆత్రేయపురం వచ్చేనాటికి ఆవిడకి కుండంటే మంచినీళ్ళ కుండే తెలుసు. అత్తగారు అచ్చాయమ్మ మాత్రం ఊళ్ళో పేరుపడ్డ చెయ్యి. ఆవిడ తీసిన రేకు అరచేతిలో పెట్టుకుంటే ఊపిరికి ఎగిరిపోయేది. కొత్త కోడలిని కుండ ముందు కూర్చోబెట్టి, "తియ్యి" అంది. అంతే, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

రత్నమాణిక్యం తీసింది, చిరిగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ చిరిగింది. ఆ వానాకాలమంతా చిరుగుతూనే ఉంది. వేళ్ళకి బొబ్బలు, కళ్ళకి పొగ, ఒళ్ళంతా పిండి. వీధిలో వాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, "ధవళేశ్వరం పిల్లకి గేట్లెత్తడం వచ్చుగానీ రేకెత్తడం రాదేమో" అని నవ్వుకునేవారు. అచ్చాయమ్మ కోడలిని తిట్టలేదు, సాధించలేదు. చిరిగిన రేకులన్నీ పళ్ళెంలో పోగేసుకుని, సాయంత్రం పెరటి అరుగు మీద కూర్చుని, బెల్లంకోరు చల్లుకుని ఒక్కతే తినేది. 'మా అత్తగారికి చిరిగినవంటేనే ఇష్టం కాబోలు' అనుకుంది రత్నమాణిక్యం. అమాయకత్వం అలాగే ఉంటుంది మరి.

చలి మొదలయ్యాక ఒకరోజు, ఒక్క రేకూ చిరగలేదు. సాయంత్రం అచ్చాయమ్మ అలవాటుగా పళ్ళెం పట్టుకొచ్చింది. చూస్తే అందులో వేసుకోవడానికి ఏమీ లేదు. కాసేపు ఖాళీ పళ్ళెం వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసి, "ఓసి నీ దుంపతెగ, నా నోటికాడి కూడు తీసేశావు కదే!" అని నవ్వింది. అప్పటికిగానీ రత్నమాణిక్యానికి వెలగలేదు. ఒక్క ముక్కా గడప దాటకుండా, ఎన్ని చిరిగాయో ఎవరూ లెక్కపెట్టకుండా, తన తప్పులన్నీ ఆ ముసలావిడ రోజూ తినేసిందని. పెరట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది. అత్తగారు పోయి ఏళ్ళయినా ఆవిడ మాటెత్తితే ఈవిడ గొంతు ఇప్పటికీ జీరబోతుంది.

సరే, ఇక హేమశ్రీ సంగతి. రత్నమాణిక్యానికీ బుల్లబ్బాయికీ ఒక్కతే కూతురు. పిండిలో చెయ్యి పెట్టమంటే పారిపోయేది. ఎక్కడికీ అంటే కాలవ గట్టు మీదికి, పరిగెత్తడానికి! తెల్లారగానే అటు లాకుల దాకా పరిగెత్తి, ఇటు పరిగెత్తి, చెమటతో వచ్చి కాలవలో దూకి ఈదేది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరింది. అక్కడ ఎవరో చెబితే మిలటరీ పరీక్ష రాసింది. ఇంటర్ చదివిన ఆడపిల్లల్ని కూడా ఆఫీసర్ చదువుకి తీసుకుంటున్నారట. రాసి వదిలేసిందనుకున్నారు. పిల్ల పాసైపోయింది, ఇంటర్వ్యూ కూడా గట్టెక్కింది. ఎక్కడో పడమటి కొండల మధ్య ఉన్న మిలటరీ అకాడమీలో సీటొచ్చింది.

ఊరు ఊరంతా పొంగిపోయింది. బస్టాండు దగ్గర ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టారు. అందులో హేమశ్రీ సెల్యూట్ చేస్తూ ఉంటుంది, వెనకాల యుద్ధ విమానాలు ఎగురుతూ ఉంటాయి. "అది నేలమీద నడిచే సైన్యంలో చేరుతుంటే విమానాలెందుకురా?" అని బుల్లబ్బాయి అడిగితే, "అందంగా ఉంటాయని పెట్టాం బాబాయ్, ఊరికే వేశాం, దానికేం ఎక్స్‌ట్రా లేదు" అన్నారు కుర్రాళ్ళు. బుల్లబ్బాయి ఏటి లంకలో అరటి వేస్తాడు, మెత్తటి మనిషి. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి రోజూ ఒకసారి తలెత్తి చూసుకునేవాడు.

అకాడమీలో చేరిన మొదటిరోజే పిల్లల ఫోన్లు తీసేసుకుంటారట. మాట్లాడాలంటే కంప్యూటర్ గది ఒక్కటే దారి. మామూలు రోజుల్లో ఆ కంప్యూటర్లు చదువుకే. బయటి ఇంటర్నెట్ సాయంత్రం గంటసేపు వదులుతారు, అదీ వాళ్ళు చూడమన్నవే చూడాలి. ఆదివారం పొద్దున్న మాత్రం ఇళ్ళకి వీడియో కాల్ చేసుకోనిస్తారు. ఎవరి వంతు వాళ్ళది. వంతు అయిపోగానే తెర దానంతటదే మూతపడుతుంది. అవతలివాళ్ళు ఫోను ఎత్తకపోతే ఆ వారానికి అంతే.

అందుకని హేమశ్రీ వెళ్ళేముందు అమ్మకి టచ్‌ఫోను కొనిపెట్టింది. "ఇదిగోనమ్మా, మోగినప్పుడు ఈ పచ్చ బొమ్మని వేలితో పైకి జరుపు. నేను కనిపిస్తాను" అని నేర్పింది. రత్నమాణిక్యం జరిపింది. పచ్చ బొమ్మ కదల్లేదు. ఇంకో వేలితో జరిపింది. ఊహూ! ముద్రలు లేని ఆ వేళ్ళని ఫోను కూడా మనిషి వేళ్ళుగా గుర్తించలేదు. తల్లీ కూతుళ్ళిద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. "పక్కింట్లో వీరవేణి అత్త ఉందిగా, తనే ఎత్తి ఇస్తుందిలే" అని తేల్చేసింది హేమశ్రీ.

వీరవేణి రేకులు తీయదు, మడతలు పెడుతుంది. నెయ్యి రాసి, పంచదార జల్లి, చీర మడతపెట్టినట్టు మడిచేస్తుంది. అందుకని ఆవిడ వేళ్ళు మెత్తగా, నున్నగా ఉంటాయి, ఫోనుకి నచ్చుతాయి. ఆ కంప్యూటర్ నంబరుకి హేమశ్రీ ఫోటో తగిలించింది కూడా ఆవిడే. ఆదివారం పొద్దున్న ఫోను మోగగానే వీరవేణి ఠక్కున పైకి జరిపి, "ఇదిగో వదినా, మీ మిలటరీ" అని చేతికిచ్చేది. ఒకసారి హేమశ్రీ గది అంతా తిప్పి చూపించింది. వరసల్లో కంప్యూటర్లు, ఒక్కో దాని ముందు ఒక్కో బోడిగుండూ పొట్టి జుట్టూ. అందరూ ఎవరి భాషలో వాళ్ళు, ఎవరి అమ్మతో వాళ్ళు ఒకటే గోల. "చేపల బజారు నయం కదే!" అంది రత్నమాణిక్యం. కానీ ఆ గోల ఆవిడకి తెగ నచ్చింది. అంతమంది అమ్మలు ఒకేసారి ఒకే గదిలోకి తొంగిచూస్తున్నారని ఊళ్ళో అందరికీ చెప్పుకుంది.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటున్న రోజుల్లో ఒక ఆదివారం హేమశ్రీ మొహం వేరేగా ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏంటే, జ్వరమా?"

"కాదమ్మా. నేను పరుగులో ముందే ఉన్నాను, ఈతలోనూ ముందే. ఈ కంప్యూటర్ దగ్గరే నా వల్ల కావట్లేదు." పిల్ల ఓసారి గదంతా చూసి గొంతు తగ్గించింది. "మిగతావాళ్ళు చిన్నప్పట్నుంచీ ల్యాప్‌టాప్‌లతో పెరిగారు. మా కాలేజీలో కంప్యూటర్లకి గుడ్డలు కప్పి తాళాలేసేవారు, నీకు తెలుసుగా. ఇక్కడ అన్నీ కంప్యూటర్లోనే రాయాలి, అందులోనే పంపాలి. సాయంత్రం నెట్ వదిలిన గంటలో వాళ్ళు వెతుక్కుని, రాసేసి, పంపేసి లేచిపోతారు. నేనింకా అక్షరం ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటాను."

"నెమ్మదిగా వస్తుందిలేమ్మా..."

"మొన్న కష్టపడి మొత్తం కొట్టాను. సేవ్ చెయ్యడం మర్చిపోయాను. టైమైపోయి మిషను ఆగిపోయింది. అంతా పోయింది. నేనొక్కదాన్ని ఇవ్వలేదని మా జట్టు మొత్తాన్ని వీపు మీద బరువులతో గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. నన్ను పరిగెత్తిస్తే నాకు లెక్కే లేదమ్మా. నా వల్ల వాళ్ళు..." హేమశ్రీ వెక్కింది. పక్క కంప్యూటర్ దగ్గరున్న పంజాబీ పిల్ల ఇటు తిరిగి చూసి, మళ్ళీ తల తిప్పేసుకుంది. "ఈ నెలాఖరులోపు చెబితే పేరు కొట్టేసి ఇంటికి పంపించేస్తారటమ్మా. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను, ఉండమంటే ఉంటాను. వచ్చే ఆదివారం చెప్పు."

రత్నమాణిక్యం నోరు తెరిచేలోగా తెర మూతపడిపోయింది.

బుల్లబ్బాయికి చెబితే ఆయన క్షణం ఆలోచించలేదు. "రమ్మనెయ్యి. పిల్ల ఏడుస్తుంటే మనకెందుకే ఈ మిలటరీ? వచ్చేయమను."

"ఊళ్ళో వాళ్ళు ఏమంటారండీ?"

"ఏమంటారు? ఫ్లెక్సీ పీకేద్దాం. అరటి గెలల మీద కప్పుకోడానికి పట్టా లేక చస్తున్నాను." అలా అన్నాడేగానీ, ఆ సాయంత్రం బస్టాండు మీదుగా రాకుండా గట్టు దారిన చుట్టు తిరిగి వచ్చాడు.

రత్నమాణిక్యానికి ఏం చెప్పాలో తేలలేదు. రమ్మంటే, కాలవ గట్టు మీద పరిగెత్తిన పిల్ల జన్మంతా ఓడిపోయాననుకుంటుంది. ఉండమంటే, పొరుగు రాష్ట్రం కూడా కాని చోట ఒక్కతే కుళ్ళి ఏడుస్తుంది. వారమంతా కుండ ముందు అదే ఆలోచన. ఏం చెప్పాలో తేలకముందే ఆదివారం వచ్చేసింది. ఆ ఆదివారం వీరవేణి లేదు. వాళ్ళ అత్తగారి మొక్కు తీర్చడానికి ముందురోజే ద్రాక్షారామం వెళ్ళింది. పొద్దున్నకల్లా వచ్చేస్తానంది, బస్సు దొరకలేదు. బుల్లబ్బాయి గెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్‌కి పోయాడు.

ఫోను మోగింది. తెర మీద హేమశ్రీ ఫోటో. రత్నమాణిక్యం కుడిచేత్తో జరిపింది, ఎడమచేత్తో జరిపింది. చీరకొంగుతో తుడిచి జరిపింది. నాలుకతో తడిపి జరిపింది. అదలా మోగీ మోగీ ఆగిపోయింది. ఇంకోసారి మోగింది, ఎవరినైనా పిలుద్దామని వీధిలోకి వచ్చేసరికి మళ్ళీ ఆగిపోయింది. ఇక మోగలేదు. వీధి అరుగు మీద చతికిలబడి, ఒళ్ళో ఫోను పెట్టుకుని, నడిచిపోయేవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది. అమ్మకి కోపమొచ్చి ఎత్తలేదని అనుకుంటుంది పిల్ల. అనుకోదూ మరి? ఇంకేమనుకుంటుంది?

బుల్లబ్బాయి మర్నాడు అకాడమీ ఆఫీసుకి ఫోను చేశాడు. "నమస్కారమండీ, మా హేమశ్రీకి ఒక్క మాట చెప్పాలండి, ఆయ్" అన్నాడు. అవతలాయన హిందీలో ఏదో అడిగాడు. ఈయన "ఆయ్, ఆయ్" అన్నాడు. ఆయన ఇంకేదో అడిగాడు. ఈయన మళ్ళీ "ఆయ్" అన్నాడు. కాసేపటికి ఆయన విసుగొచ్చి పెట్టేశాడు. "మర్యాదగానే మాట్లాడాడే పాపం" అని చెప్పాడు బుల్లబ్బాయి భార్యకి.

ఇక మిగిలింది నెలాఖరు ముందు ఒక్క ఆదివారం. ఆ వారం రత్నమాణిక్యం పడిన పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. రావులపాలెంలో ఫోన్లు బాగుచేసే చంద్రరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి, తన వేలితో జరిపి చూసి, "ఫోను బ్రహ్మాండంగా ఉందమ్మా. మీ వేళ్ళే పాతబడ్డాయి" అని నవ్వి, లోపలికి వెళ్ళబోయాడు. ఆ నవ్వుకి ఈవిడకి ఒళ్ళు మండిపోయింది. "అయితే నా వేళ్ళు మీ దగ్గర వదిలేసి వెళ్తాను, కొత్తవి వేసి ఉంచండి" అని ఫోను లాక్కుని చక్కా వచ్చేసింది. ఆయన లోపలికి వెళ్ళబోయింది రబ్బరు మొన ఉన్న పెన్ను తేవడానికేనని, దాంతో ఫోను సుబ్బరంగా పనిచేస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. కోపం అంత పని చేస్తుంది మరి.

వీరవేణి అయితే తప్పంతా తనదే అన్నట్టు కుమిలిపోయి, రోజుకో చిట్కా తెచ్చేది. వేళ్ళకి నెయ్యి రాయమంది. తెర జిడ్డయిందిగానీ పచ్చ బొమ్మ కదల్లేదు. "అరటిపండుతో జరుగుతుందట వదినా, మా తమ్ముడు వీడియోలో చూశాడట" అంది. జరిగింది కూడా! ఇద్దరూ కేరింతలు కొట్టారు. కానీ ఇంకోసారి చూద్దామనేసరికి పండు చితికి, ఫోను చెవుల్లోకి గుజ్జు పోయి, ఆ పూటంతా ఎవరు చేసినా ఉడుకుతున్నట్టు బుడబుడమంది.

గురువారం నాడు రత్నమాణిక్యం కుండ కింద మంట ఆర్పేసింది. జ్వరమొచ్చినా, వాన పడినా ఆర్పని మంట. అచ్చాయమ్మ పోయిన పదకొండో రోజుకే మళ్ళీ వెలిగించిన మంట. పెళ్ళిళ్ళ సీజను, దుకాణాల వాళ్ళు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. "వేళ్ళు కాస్త మెత్తబడతాయేమోనని" అంది బుల్లబ్బాయితో. ఆయన రోజూ వెన్న తెచ్చి పెట్టాడు. ఆవిడ పగలల్లా వేళ్ళకి వెన్న రాసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా కూర్చునేది. ఇన్నేళ్ళు కాలిన చర్మం ఆ కాస్త వెన్నకి కరుగుతుందా? కరగలేదు.

ఆదివారం వచ్చింది. వీరవేణి తెల్లవారకముందే వచ్చి ఫోను ముందు తపస్సు పట్టింది. బుల్లబ్బాయి మార్కెట్‌కి వెళ్తూ, "త్వరగా వచ్చేస్తాను. రమ్మనే చెప్పు" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. పిలుపు వచ్చే వేళకి ఇంకా చాలా టైముంది. ఇంతలో వీరవేణి ముక్కు ఎగబీల్చింది. "వదినా, మాడు వాసన! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశాను. ఇప్పుడే వస్తా!" అంటూ ఒక్క పరుగున పోయింది.

అదిగో, సరిగ్గా అప్పుడే మోగింది ఫోను.

"ఒసేయ్ వేణీ!" అని కేక పెట్టింది రత్నమాణిక్యం. పలకలేదు. ఫోను పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఆదివారం పొద్దు, వీధిలో నరమానవుడు లేడు. గోడవార కట్టేసిన మేక ఒకటి మొహమెత్తి చూసింది. వేళ్ళతో జరిపింది, లాభం లేదు. మోగుతూనే ఉంది. తెర మీద హేమశ్రీ ఫోటో నవ్వుతోంది. ఇంకో నిమిషంలో ఆ నవ్వు మాయమైపోతుంది, పిల్ల రేపు వెళ్ళి పేరు కొట్టించేసుకుంటుంది, అమ్మ కూడా తనని వదిలేసిందనుకుని కొట్టించేసుకుంటుంది. అదీ ఆవిడ భరించలేనిది. వచ్చినా సరే, ఉన్నా సరే, అలా అనుకుని మాత్రం కాదు.

"నా తల్లీ, నా బంగారు తల్లీ, పెట్టెయ్యకే, నీకు పుణ్యం ఉంటుంది" అంటూ, రెండు చేతుల్తో ఫోను పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. పసిపిల్లప్పుడు దాని నడినెత్తి మీద మొహం పెట్టి వాసన చూసినట్టే ఫోటోకి మొహం ఆనించింది. కింద నుంచి పైకి.

మోత ఆగిపోయింది.

"అమ్మా?" అంది ఫోను.

రత్నమాణిక్యం కళ్ళు తెరిచింది. అక్కడ హేమశ్రీకి తెర నిండా రెండు పెద్ద రంధ్రాలు కనిపిస్తున్నాయి. "అమ్మా, ఏంటది? ముక్కా?"

"ముక్కేనే! ముక్కుతో ఎత్తాను! చూశావా, ముక్కుతో ఎత్తాను!" రత్నమాణిక్యం వీధిలో నిలబడి అరిచింది. "పోయిన వారం కూడా ఎత్తుదామనే చూశానే! వీరవేణి లేదు, నా పాడు వేళ్ళు పనిచెయ్యలేదు. నీ మీద కోపం కాదే తల్లీ, ఒట్టు! ఈ ముక్కు ఉందని తెలీలేదు నాకు!"

హేమశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుంది ఈవిడ. కాదు, నవ్వుతోంది. పక్క కంప్యూటర్ దగ్గరి పంజాబీ పిల్ల మెడ చాచి చూసి, అదీ పడీ పడీ నవ్వుతోంది. ఆ పక్కవాళ్ళకి అది ఏదో చెప్పింది, వరసంతా నవ్వు పాకింది. నవ్వీ నవ్వీ హేమశ్రీ కళ్ళు తుడుచుకుని, "ఈవేళ ఈ అమ్మాయి తన వంతు నాకిచ్చేసిందమ్మా, అందుకే ముందే చేశాను. పోయిన ఆదివారం నువ్వు ఎత్తలేదని వారమంతా నిద్రపోలేదు నేను" అంది.

నవ్వు ఆగింది. అడగవలసిన మాట మధ్యలో అలాగే ఉంది.

"రానా అమ్మా?"

రత్నమాణిక్యం అరుగు మీద కూర్చుంది. వారమంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "మీ నాన్న రమ్మంటున్నారు. ఫ్లెక్సీ గెలల మీద కప్పుకుంటారట. రావాలనిపిస్తే రా, నిన్ను కాదనేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. కానీ ఒక్కటి అడుగుతాను. నువ్వు పాడు చేసినవన్నీ అక్కడ ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తానమ్మా? దిగమింగుకుంటున్నాను."

"అదీ సంగతి. మీ నానమ్మ నన్ను మింగనివ్వలేదే. నేను చింపిన రేకులన్నీ ఆవిడే తినేసింది, వానాకాలమంతా. నన్ను ఒక్క ముక్క తిననివ్వలేదు. లేకపోతే నేను ఎప్పుడో ధవళేశ్వరం బస్సెక్కేసేదాన్ని." ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు ఆవిడ, ఎప్పుడు మూతపడుతుందో ఏమో ఆ తెర. "నాకు కంప్యూటర్ తెలీదు, సేవ్ అంటే ఏంటో తెలీదు. నాకు వచ్చిందల్లా ఇదొక్కటే. ఆదివారం ఆదివారం ఫోను చెయ్యి. ఆ వారం ఎన్ని చింపావో అన్నీ చెప్పు, ఒక్కటి దాచకుండా చెప్పు. చిరిగినవన్నీ నా పళ్ళెంలో పడెయ్. నేను తింటాను. నువ్వు మాత్రం తినకు."

హేమశ్రీ ముక్కు తుడుచుకుంది.

"చాలా ఉన్నాయమ్మా. కడుపునొప్పొస్తుంది నీకు."

"నా కడుపు సంగతి నీకెందుకే?"

"సరే, అయితే విను. మంగళవారం ఒకటి పాడుచేశాను," అని మొదలుపెట్టింది హేమశ్రీ. మంగళవారంది చెప్పింది, బుధవారంది చెప్పింది. శుక్రవారం పంజాబీ పిల్ల పక్కన కూర్చుని సేవ్ ఎలా చెయ్యాలో చూపించిందట, అయినా మర్చిపోయిందట. రత్నమాణిక్యానికి సగం అర్థం కాలేదు. అన్నిటికీ "ఊఁ, ఇటు పడెయ్" అంటూ పోయింది. చెబుతున్నకొద్దీ పిల్ల మొహం తేటపడుతోంది. కొన్నిటికి తనే నవ్వేసింది కూడా.

"అమ్మా, టైమైపోతోంది. వచ్చే ఆదివారం మామూలు వేళకే చేస్తాను. వీరవేణి అత్తకి ఇవ్వకు, నువ్వే ఎత్తు. మా వాళ్ళంతా చూస్తామంటున్నారు, ముక్కుతోనే ఎత్తాలి!"

తెర మూతపడింది. వచ్చే ఆదివారం! రత్నమాణిక్యం ఆ మాటని ఇంకోసారి తనలో తాను అనుకుంది. మాడిన పాలగిన్నె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చిన వీరవేణి, "అయ్యో నా ఖర్మ, మోగిందా?" అని గుండెలు బాదుకుంటుంటే, ఈవిడ లేచి వెళ్ళి కొబ్బరాకులు లాగి, కుండ కింద మంట వెలిగించింది.

బుల్లబ్బాయి వచ్చేసరికి కుండ కాగుతోంది. తలగుడ్డ విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయి, "ఏమందే? వస్తానందా?" అన్నాడు.

"వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తానందండి."

ఆయన ఆ మాట నెమ్మదిగా అర్థం చేసుకున్నాడు. అరుగు మీద కూర్చుని, తలగుడ్డతో మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు. "అయితే ఫ్లెక్సీ ఉండనిద్దామంటావా?"

"ఉండనివ్వండి. గెలలకి వేరే పట్టా కొనుక్కోండి."

రత్నమాణిక్యం గుడ్డని పిండిలో ముంచి కుండ మీద లాగింది. మూడు రోజులు చల్లబడిన కుండ, వెన్న తిని మొద్దుబారిన వేళ్ళు. మొదటి రేకు అడ్డంగా చిరిగిపోయింది. బుల్లబ్బాయి అలవాటు కొద్దీ చిరిగిన ముక్క కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటి వేసి, ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

"చెయ్యి తియ్యండి. ఇక నుంచి చిరిగినవన్నీ నావి."